దీపం పెట్టేదాకా మూయని లెక్క

మంగళవారం పొద్దున తొమ్మిదింబావుకు రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే మా మిర్చి అడ్తి దుకాణంలో కంప్యూటరు మందగించింది. ఆగిపోలేదు. వచ్చిన బస్తాలను ఎక్కిస్తే వెంటనే రావాల్సిన చీటీ ఎంతకీ రావడం లేదు. చీటీ కట్టని సరుకును మార్కెట్లో వేలంపాటకు తీసుకోరు. స్టేషన్ ఘన్‌పూర్ రైతు ఒకాయన పన్నెండు బస్తాలతో ఆరుబయట కూచున్నాడు. పడమట మబ్బు పట్టింది. "జర చూడమ్మా, తడిస్తె రంగు పోతది" అని రెండుసార్లు అడిగి, ఆ తర్వాత ఆకాశం వైపే చూస్తూ ఉండిపోయాడు.

మా కోడలు ఒక కంపెనీలో కంప్యూటర్లు మందగిస్తే కారణం వెతికే పనే చేస్తుంది. ఆ రోజు ఇంట్లోనే ఉంటే పిలిపించాను. మెషిను పాతదై ఉంటుందని నేను, పాత ఏళ్ల లెక్కలు పేరుకుపోయాయని గుమాస్తా. ఆమె రెండూ కాదంది. ఒక్కో ఎంట్రీ పని చేసేదెంతసేపు, ఊరికే నిలబడేదెంతసేపు అని విడదీసి చూసింది. పని రెప్పపాటే, మిగతాదంతా నిలబడటం. అన్నీ ఒకే గడి ముందు వరుస కట్టాయి. అది ఆ రోజు మొత్తం బస్తాల గడి. ప్రతి చీటీ అందులో కలవాలి. దాన్ని ఎవరో దిద్దడానికి తెరిచి, సేవ్ చేయకుండా తాళం తమ దగ్గరే పెట్టుకున్నారు; వాళ్లు సేవ్ చేసేదాకా ఇంకే చీటీ అందులో కలవదు.

ఆ ఎవరో మా బావగారు. బోణీ బస్తాతో లెక్క తెరిచి, దీపం పెట్టేదాకా మూయకపోవడం మా మామగారి నాటి పద్ధతి. కాగితం పుస్తకమున్నన్నాళ్లూ దానివల్ల ఎవరికీ అడ్డం లేదు. ఆయన బల్ల మీద కంప్యూటరు పెట్టించింది ముందురోజు సాయంత్రమే. నిర్లక్ష్యం అనడానికి లేదు, ఆయన దగ్గరున్నది భక్తి.

ఆయనకు నేను ఎదురు చెప్పను. కోడలే వెళ్లి సేవ్ నొక్కమంది.

"పొద్దుగాల్నే లెక్క మూస్తె దుకాణం మూసినట్టె బిడ్డా."

"మూయొద్దు పెద్దమామా. పొద్దున మొత్తం తెరవనే వద్దు. ఏ చీటీ ఆ చీటీగ పోనీ. దీపం పెట్టినంక నేనే కూడి మీ ముందర పెడత."

"అప్పటిదాక మొత్తం ఎవ్వరు చూడరా? మీ అత్త ఆగుతదా?" అన్నాడు, నాకు వినపడేటట్టే.

మధ్యమధ్యలో మొత్తం ఎంతైందని చూసే అలవాటు నాది. ఆగుతానని నేనే అన్నాను. ఆయన సేవ్ నొక్కాడు. ఆగిన చీటీలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కానీ అప్పటికే పాట మా వరుస దాటిపోయింది. చినుకులు మొదలయ్యాయి.

మా టార్పాలిన్ తొమ్మిది బస్తాలకే సరిపోయింది. తడిసినవి మూడు. మర్నాటి పాటలో అవి రంగు చెడిన తాలుకాయల కింద తక్కువ ధరకు పోయాయి. ఆ రైతుకు పోయింది ఒక రోజు, మూడు బస్తాల రంగు.