చాయ్‌కి లేచినవాళ్ళు

డెబ్బైల చివర్లో నాంపల్లిలో మాకొక శ్రోతల సంఘం ఉండేది. నెలకోసారి ఒక పాత మేడమీది హాల్లో చేరేవాళ్ళం. తలా ఒక రికార్డు తెచ్చి, అందులోంచి ఒక పాట వినిపించాలి. నియమం అంతే.

ఒక ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద, పాత పుస్తకాల మధ్య, నాకొక ఇంగ్లండు రికార్డు దొరికింది. ఎల్పీ అంత పళ్ళెం, వైపుకి ఒకే పాట. ఆ బృందం మొదటి రికార్డు అప్పటికే నా దగ్గరుంది. అందులో గిటార్లను కోపంతో గీకినట్టుంటుంది. ఇందులో చిందేయించే డ్రమ్ము, బేస్ గిటారు, పైన ట్రంపెట్. బాణీ మారినా గొంతులో బిరుసు మాత్రం తగ్గలేదు. మామూలు పాట ముగిసేచోట ఇది ముగియదు. గాయకుడు తప్పుకుంటాడు, ట్రంపెట్ తప్పుకుంటుంది. డ్రమ్మూ బేసూ మిగిలి, మధ్యమధ్య ఖాళీలు వదులుతూ చాలాసేపు మాట్లాడుకుంటాయి. ఆ తర్వాత గాయకుడు మొదటి పల్లవే అందుకుంటే, అవే మాటలు ఒళ్ళు జలదరించేలా వినిపిస్తాయి. దీన్ని నలుగురితో కూర్చుని చివరిదాకా వినాలని నా ఆశ.

మా తాతల దివాణం పోయింది, భూములు పోయాయి. స్టేషను వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాణ్ణి. కానీ దివాణం ఉన్న రోజుల్లో మా ఇంట్లో కచేరీ అయితే, పాట ఆగి మృదంగం ఒక్కటే మోగుతున్నప్పుడు మంచినీళ్ళకి కూడా ఎవరూ లేచేవారు కారు. ఆ మర్యాద నాతోనే ఉంది.

నా వంతు వచ్చింది. పాట బాగానే సాగింది. గాయకుడు ఆగాడో లేదో, కుర్చీలు కిర్రుమన్నాయి. సభల్లో మృదంగం అందుకోగానే కాఫీకి పోయే దిక్కుమాలిన అలవాటు ఇక్కడికీ వచ్చింది!

"చాయ్ వచ్చింది, రాండ్రి," అన్నాడు కార్యదర్శి.

"పాట ఇంకా అవలేదు," అన్నాను.

"పాడేటోడు బంద్ జేసిండు గద దొరా. గిది ఉత్త తాళం. మీరు వినుండ్రి, మేం జర చాయ్ తాగొస్తం."

"దొరవారి దర్బారులో టీలు నిషేధమేమోనండీ!" అన్నారు గుంటూరు వైపు లెక్చరరుగారు. అందరూ నవ్వారు.

దొర అన్నందుకు కాదు నాకు మండింది. ఉత్త తాళమట! ఇద్దరు మనుషులు ప్రాణం పెట్టి వాయిస్తుంటే, ఖాళీ కుర్చీలూ నేనూ విన్నాం. వరండాలోంచి బిస్కెట్ల గురించి వాదన.

సరిగ్గా గాయకుడు తిరిగొచ్చే వేళకి కప్పులతో వచ్చి కూలబడ్డారు. పల్లవి అందుకోగానే కార్యదర్శి మోకాలు చరుస్తూ, "మస్తున్నది గిది!" అన్నాడు.

లేచి రికార్డు మీంచి ముల్లు ఎత్తేశాను.

"అరె, ఏంది దొరా! ఇప్పుడే మజా వస్తున్నది!"

"మజా ఆ ఉత్త తాళంలోంచి వచ్చింది. దాన్ని విననివాళ్ళకి ఇది దక్కదు."

"పోనీ మొదట్నించీ వెయ్యండి, వింటాం," అన్నారు లెక్చరరుగారు, కాస్త తగ్గి.

"టీ చల్లారుతుంది. తాగండి."

రికార్డు అట్టలో పెట్టుకుని మెట్లు దిగాను. పొగరుబోతునన్నారట. అననీ. వాయిస్తున్నవాళ్ళకి వీపు చూపించేవాళ్ళు ఎంత చదువుకుంటేనేం? నేను మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. ఆ పాటని నలుగురితో కలిసి చివరిదాకా వినడం మాత్రం నాకు ఎన్నడూ జరగలేదు.