గడ్డి మీద ఆటకు ముహూర్తం

మా బాపు మరాఠీ నేల మీది మాజ్రి బొగ్గుగనిలో పనిచేసినన్నాళ్లూ కాలరీ టీములో ఫుట్‌బాల్ ఆడాడు. మా గ్రౌండులో గడ్డి మొలవదు. నల్ల దుమ్ములో ఆడి నల్లగా ఇంటికొచ్చేవాడు; డ్యూటీ నుంచి వచ్చాడో ఆట నుంచి వచ్చాడో అమ్మకు తెలిసేది కాదు. రిటైరయ్యాక ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే.

"ఒక్కపారి హైదరాబాద్ స్టేడియంల కూసోని, పచ్చగడ్డి మీద ఆడంగ సూడాలె."

అప్పటికే కండ్లలో ఒత్తిడి పెరిగి నరాలు ఎండిపోతున్నాయని నాగపూర్ డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోవాలి. అంటే తొందరగా వెళ్లాలి. ఈ ముక్క మా ఇంట్లో అందరికీ అర్థమైంది, గనికి తప్ప.

నేనూ గని ఉద్యోగినే. చలికాలంలో మ్యాచులు మొదలయ్యేసరికి మాకు టార్గెట్ తరుముకొస్తుంది. మార్చి దాటకుండా సెలవు అడిగితే సాహెబు పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు. మార్చి దాటాక సెలవు ఇస్తాడు, అప్పటికి ఆటలు అయిపోతాయి. అలా ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది మొదట్లో ఫోనులో మ్యాచుల తేదీలు బాపు తనే చదువుకునేవాడు, చివరికొచ్చేసరికి నాతో చదివించుకున్నాడు.

మరుసటి చలికాలం బతిమాలి సెలవు సంపాదించాను. శుక్రవారం సాయంత్రం మ్యాచ్, గురువారం రైలు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు అమ్మ అడ్డం పడింది.

"బేస్తారం నాడు దక్షిణం దిక్కు పోతరా? వారశూల గాదా? బయటి రాష్ట్రం పోవుడాయె, కండ్లు జూస్తే గట్లున్నయ్!"

దానికి మందు కూడా అమ్మ దగ్గరే ఉంది. ప్రస్థానం పెట్టాలి. మంచిరోజు చూసి సంచీ ఒకటి పొరుగింట్లో పెడితే, ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. బయల్దేరేదాకా ఆ సంచీ విప్పకూడదు, ఇంటికి తేకూడదు. బుధవారం అమావాస్య, మంగళవారం పనికిరాదు, సోమవారం తిథి కుదరలేదు. వెనక్కి జరిగి జరిగి ముహూర్తం ఆదివారం దగ్గర ఆగింది. బాపు తనే సంచీ సర్దుకున్నాడు. పక్కింటి మరాఠీ పిన్ని, మౌశికి సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు, వాళ్లలోనూ ఈ ఆచారం ఉంది. సంచీని తీసుకెళ్లి దేవుడి గూటి పక్కన పెట్టింది.

గురువారం రైల్లో చూస్తే బాపు కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. తల పట్టుకుని కూర్చున్నాడు.

"చుక్కలు ఏసుకున్నవా బాపు?"

"సంచిల ఉన్నయ్."

నాకు మొదట అర్థం కాలేదు. చుక్కల సీసా ప్రస్థానం సంచీతోపాటే పొరుగింట్లో ఉండిపోయింది. ఆదివారం నుంచీ ఆయన చుక్కలే వేసుకోలేదు.

"అడిగితే కొత్త సీస తేకపోదునా?"

"సీస యాదికొచ్చేసరికే కండ్లు గుంజవట్టినయ్ రా. చెప్తే ముందుగాల దవాఖాన్ల పడేస్తుంటిరి. ఇగ మ్యాచ్ యాడిది?"

అమ్మ మీద, శూల మీద, గని మీద, బాపు మీద ఒకేసారి కోపం వచ్చింది. ఏ ఒక్కరినీ తిట్టబుద్ధి కాలేదు. శుక్రవారం పొద్దున హైదరాబాదులో దిగగానే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నొప్పి తగ్గించారు. చూపు సంగతి అడిగితే, మిగిలిన కొంచెమూ దాదాపు పోయినట్టేనన్నారు. డాక్టర్లు అడ్మిట్ కమ్మంటే బాపు తలుపు పట్టుకుని లోపలికి కదల్లేదు, సాయంత్రం ఆటకు పోయాకే తిరిగొచ్చి చేరతానన్నాడు. ఇక ఆ కండ్లలో కాపాడుకునేది ఏముందని తీసుకెళ్లాను.

స్టేడియంలో లైట్ల వెలుగు మాత్రం ఆయనకు తెలుస్తోంది. ఆట మొదలైంది. గోల్ పడింది, జనం లేచి అరిచారు. బాపు కూడా లేచి, అవతలి గోడవైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. భుజాలు పట్టుకుని మైదానంవైపు తిప్పాను.

"గడ్డి మంచిగున్నదా?"

"మంచిగున్నది బాపు. మస్తు పచ్చగున్నది."

కాసేపు అటే మొహం పెట్టి నిలబడ్డాడు. తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"సూసినం గదా. పోదాం పా."

అప్పటికి ఆట సగం కూడా కాలేదు.