ఏం కాదని చెప్పే కంప్యూటర్

నల్లటి స్క్రీన్ మీద నారింజ రంగు అక్షరాలు యాదికున్నయా దోస్తులూ? ఇప్పుడు కంప్యూటర్ బంద్ చేస్తే ఏం కాదని ఇంగ్లీషుల వస్తుండె. ఈ లాక్‌డౌన్ల మల్లా జూసిన.

బిడ్డ ఆన్‌లైన్ క్లాసు కోసం అటక మీది నుంచి నా పాత కంప్యూటర్ దించినం. అమ్మ చీర కట్‌పీస్‌తోని కుట్టిన కవర్ ఇంక అట్లనే ఉన్నది. విండోస్ 98 అయితే లేచింది గని, క్లాసు తెరుచుకోలే.

మేం వడోద్ బస్తీల ఉన్నప్పుడు, సలాబత్‌పురా బజార్ల చీరల దుకాణంవాళ్లు పాతదని అమ్మితే దీన్ని బాపు తెచ్చిండు. బాపు బట్ట నేసే లూమ్ నడుపుతడు.

"ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏంది బిడ్డా?" అని అప్పుడు బాపు నన్ను అడిగిండు.

"కీబోర్డుకు, స్క్రీన్‌కు, ప్రింటర్‌కు దేని పని దానికి చెప్పేది బాపూ."

"అంటే మా కార్ఖానల మాస్టర్ లెక్క!"

ఆ అక్షరాలు వచ్చేదాంక ఎవ్వలనూ స్విచ్ ముట్టనియ్యకపోతుండె. "మా లూమ్ ఎన్నడన్న గిట్ల చెప్పిందా?" అనుకుంట, లూమ్‌ల పడి సగం తెగిన చూపుడువేలు నిమురుకుంటుండె.

మొన్న ఆ అక్షరాలు జూసి నా బిడ్డ, "ఇది ఫోన్ లెక్క అప్నే ఆప్ బంద్ కాదా మమ్మీ?" అన్నది.

"దానంతట అది కాదు బిడ్డా. గప్పటి సిస్టమ్ తన పని ముగించుకొని చెప్తది. స్విచ్ మనమే ఆపాలె."

లూములు చెప్పకుంటనే బంద్ అయి నెల దాటింది. అప్పటి సంది మూలకు కూసున్న బాపు లేచి వచ్చిండు.

"చెప్పిందా?"

"చెప్పింది బాపూ."

ఆ సగం వేలుతోనే స్విచ్ ఆపిండు.