బోణీ కాకముందు అడిగిన ఫిల్టరు

మా అత్తగారింట్లో "లేదు" అన్న మాట పలకరు. బియ్యం అయిపోతే నిండుకున్నయి అంటారు. దీపంలో నూనె అయిపోతే నిండుకుంది అంటారు. ఇది చాలా ఇండ్లల్లో ఉన్నదే. కానీ మా మామయ్య ఈ పద్ధతిని వరంగల్ స్టేషన్ రోడ్డులోని మా మోటారు సామాన్ల దుకాణం దాకా తీసుకపోయినారు. ఫ్యాన్ బెల్టులు అయిపోయినా, గ్రీజు డబ్బాలు అయిపోయినా, వచ్చినవాళ్ళకు నిండుకున్నయనే చెప్పాలి. అందులోనూ బోణీ కాకముందు, అంటే ఆ రోజు మొదటి బేరం తెగకముందు, గిరాకీని ఉత్త చేతులతో పంపడం ఆయన ఎరుగరు.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించినారు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పెండ్లయినంక ఈ దుకాణంలోనే, అట్టపెట్టెల మీద చూసి నేర్చుకున్నాను. డెబ్బైల్లో కోడలిగా వచ్చినప్పుడు పెట్టెల దుమ్ము దులపడమే నా పని. తర్వాత మామయ్య కండ్లకు శుక్లాలొచ్చి నంబర్లు ఆనకుండా అయితే, పక్కన కూర్చుండి చదివి చెప్పేదాన్ని. అట్లా ఆ దేవుడు నాకొక పని చూపించినాడు. దానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఎనభైల నడుమ ఒక శుక్రవారం. మా ఆయన సరుకు కోసం హైదరాబాదు పోయి ఉన్నారు. గల్లాపెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి నేనింకా చేతులు జోడించే ఉన్నాను, ఒక డ్రైవరు మెట్లెక్కి వచ్చినాడు. చేతిలో పాత పేపరులో చుట్టిన ఆయిల్ ఫిల్టరు. డోర్నకల్ అవతలి పల్లెల కోసం ఒక చిన్న ధర్మ దవాఖాన ఉండేది. దానికి ఎవరో పుణ్యాత్ములు విదేశపు డీజిల్ కారు ఒకటి ఇచ్చినారు. పొడుగు కారు. వెనక సీటు తీయించి, మనిషిని పండబెట్టేటట్టు చేసుకున్నారు. ఇతను దాని డ్రైవరు. ఆ పల్లెల్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా వరంగల్ పెద్ద దవాఖానకు తెచ్చేది ఆ కారే.

"సేటూ, గిసొంటిది ఇంకోటి కావాలె. టర్బో బండి. జర చూసి ఇయ్యి."

మామయ్య ఫిల్టరును వేళ్ళతో తడిమి చూసినారు. "గిది నిండుకుంది బిడ్డా."

"నాకెర్కనే సేటూ. నిండింది గన్కనే కొత్తది అడుగుతున్న. లోపలంత మురికే."

"అరె, నీ చేతిలది గాదు. మా తాన నిండుకుంది."

"మీ తాన నిండ ఉంటె ఒక్కటి ఇయ్యరాదు? అన్ని పెట్టుకొని ఏం జేస్తరు!"

నేను నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. మామయ్య నవ్వలేదు. బోణీ గిరాకీ ముందు ఆ ఒక్క మాట అనలేక, పై అర నుంచి ఇంకో రకం ఫిల్టరు నాతో తీయించినారు. అంతే లావు, అంతే పొడుగు. మరలున్న ఒక గొట్టం ముక్కకు రెండింటినీ తిప్పి చూసినారు. రెండూ పట్టినాయి.

"ఇగో, థ్రెడ్డు కూసున్నది. సరిపోతది, తీస్కపో."

డ్రైవరు చేయి చాపలేదు. "మొన్న మెకానిక్ గూడ ఇది తీసి, సరిపోతదనే ఇంకోటి బిగించిండు సేటూ. అప్పటిసంది పొద్దుగాల స్టార్ట్ చేస్తె నూనె ఎర్రలైటు జల్ది ఆర్తలేదు. నిన్నటిసంది టర్బో ఈల గొడ్తాంది. అది పోయిందంటె ఈడ సామాను దొరకదట. బండి షెడ్డుల పండుకుంటది, మా పల్లెలోల్లు మంచాల పండుకుంటరు."

"టర్బో అంటే ఏందన్నా?" అని అడిగినాను.

అతను వేలు గాలిలో గిరగిరా తిప్పినాడు. ఇంజను వదిలే పొగ జోరుకు ఒక చిన్న చక్రం తిరిగి, ఇంజనులోకి గాలిని ఇంకా ఎక్కువ నెడుతుందట. ఆ చక్రం ఇరుసు ఇనుము మీద ఆనదట, పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుందట. "స్టార్టయినంక జరసేపు నూనె అందకున్నా ఇరుసు గీస్కపోతదక్కా."

రెండు ఫిల్టర్లనూ వెలుతురులోకి తెచ్చుకున్నాను. రెండింటికీ నడుమ పెద్ద బెజ్జం, చుట్టూ చిన్న బెజ్జాలు. తలలోని పిన్ను తీసి పాతదాని చిన్న బెజ్జంలో పెడితే, లోపల నల్లటి రబ్బరు మెత్తగా వంగి మళ్ళీ పైకి వచ్చింది. మా దానిలో పెడితే పిన్ను రేకుకు తగిలి టిక్కుమన్నది. ఇంజను ఆగినంక ఫిల్టరులోని నూనె వెనక్కి జారిపోకుండా ఆ రబ్బరు తలుపు లాగా ఆపుతుందని, ఎప్పుడో పెట్టెలు సర్దుతుంటే మా ఆయన చెప్పినారు.

"నీ బండిల ఇది నిలువుగ ఉంటదా, అడ్డంగనా?"

"అడ్డంగ."

రబ్బరు లేకుండా అడ్డంగా ఉంటే రాత్రంతా నూనె కారిపోతుంది. తెల్లారి స్టార్ట్ చేస్తే మొదట ఫిల్టరు నిండాలి, ఆ తర్వాతే టర్బోకు అందాలి. నాకు అట్లా తోచింది గానీ రూఢిగా తెలియదు. ఇంజను లోపల నేను ఎన్నడూ చూసినదాన్ని కాదు.

"మామయ్యా, ఇది పడ్తది గని ఈ బండికి పనికిరాదు."

"థ్రెడ్డు పట్టింది గద బిడ్డా."

"పట్టింది. లోపల రబ్బరు..." అని ఆగిపోయినాను. దేవుని పటం ముందు ఊదుబత్తి కాలుతూనే ఉన్నది. నిండుకుందని అంటే ఈ డ్రైవరుకు ఎట్లా అర్థమైతదో ఇంతకుముందే చూసినాము. "రబ్బరు లేదు," అన్నాను. "ఈ బండికి సరైన ఫిల్టరు మన దుకాణంల లేదు."

మామయ్య పటం దిక్కు తిరిగి చెంపలు వేసుకున్నారు. "శుక్రవారం పూట..." అని మాత్రం అని ఊరుకున్నారు.

డ్రైవరు నా దిక్కు తిరిగినాడు. "అక్కా, పల్లెల నెలలు నిండిన ఆడివిల్లలున్నరు. మీరు తెప్పిచ్చేదాక ఈ బిగించినదాంతోనే నడుపుకోనా?"

"వద్దన్నా. బండి తియ్యకు."

"నడుమ ఎవలన్న సస్తె?"

అతను కోపంతో అడగలేదు. తెలుసుకుందామనే అడిగినాడు. అప్పుడు మామయ్య గద్దె మీది నుంచి లేచి అతని భుజం మీద చెయ్యి వేసినారు. "బండే సస్తె అటెన్క అందరికి ఏం జేస్తవ్ బిడ్డా? ఉండనియ్యి. నేను చెప్తున్న."

నేను మోయలేని మాటను ఆయన తన మీద వేసుకున్నారు. దానికి నేనెన్నడూ నోరు తెరిచి కృతజ్ఞత చెప్పలేదు. మామలకు అట్లా చెప్పే అలవాటు మాలో ఉండేది కాదు.

పక్కన టైర్ల దుకాణం నుంచి, హైదరాబాదులో మా ఆయన దిగిన లాడ్జికి ట్రంకాల్ చేసినాము. పాత ఫిల్టరు మీది నంబరును ఒక్కో అక్షరం నేను ఫోన్లో అరిచి చెప్పినాను. డ్రైవరు కారును స్టేషన్ వెనక షెడ్డులో వదిలి, ప్యాసింజరు బండిలో ఊరికి పోయినాడు. మా ఆయన బజారంతా తిరిగినా వెంటనే దొరకలేదు. ఆ దినాలన్నీ పాలకుర్తి స్వామిని తలుచుకుంటూ, గడపలో ఎవరి నీడ పడ్డా ఉలిక్కిపడేదాన్ని.

కడకు ఫిల్టరు దొరికింది. పిన్ను పెట్టి చూసినంకనే మామయ్య చేతికి ఇచ్చినాను. డ్రైవరు వచ్చి తీసుకపోయి, బిగించుకొని మళ్ళీ వచ్చినాడు.

"ఎర్రలైటు ఎంటనే ఆరిందక్కా. ఈల జర ఉన్నది గని పెరుగుతలేదు. నడుస్తది." కాసేపాగి అన్నాడు: "మా ఊరామె నొప్పులు పడుకుంట రైలెక్కింది. వరంగల్ రాకముందే డబ్బలనే కాన్పయింది. ఇద్దరు పెద్ద దవాఖానల ఉన్నరు. మంచిగనే ఉన్నరు."

పాలకుర్తి స్వామికి అక్కడి నుంచే దండం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే మా అత్తమ్మా నేనూ మెత్తటి పాత చీరలు, ఒక చిన్న కొత్తవాడ నేత జంపఖానా పట్టుకొని దవాఖానకు పోయినాము. ఆ తల్లి ఇంకా చిన్న పిల్ల. మేమెవరమో ఆమెకు తెలియదు. మేమూ చెప్పలేదు.

"టికెటు తియ్యకుంటనే వచ్చిండమ్మా మావోడు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపాగలేదు. ఇంకో తీరుగా కూడా అయి ఉండవచ్చు గదా. నాకు రూఢిగా తెలియని ఒక సంగతి మీద నేను వద్దన్నాను. దేవుడు ఆ మాటకు ఎవరి ప్రాణమూ వెలగా అడగలేదు, అంతే.

వాళ్ళు ఇంటికి పోయేరోజు మేము మళ్ళీ పోయినాము; డ్రైవరు కారును దవాఖాన గేటు దాకా తెచ్చినాడు. వెనక జంపఖానా పరిచి తల్లినీ పిల్లగాన్నీ పండబెట్టినారు.

"పోయొస్తమ్మా," అన్నది ఆమె.

"హుష్! దవాఖాన కాడ మల్ల వస్తననొద్దు," అత్తమ్మ గదమాయించింది. "పోత అను."

"పోతమ్మా," అన్నది ఆ పిల్ల బుద్ధిగా. కారు డోర్నకల్ దిక్కు మళ్ళింది.