నక్కకు మొక్కే పిల్ల

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో పేషెంట్ల దగ్గర దాన్ని అదుపులో పెట్టుకోగలిగాను గాని, ఇంట్లో నా వల్ల కాలేదు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మస్కట్‌లోనే పుట్టి పెరిగింది. పాతకాలపు జపాన్ అంటే ఎందుకో దానికి పిచ్చి. ఒకరోజు లెక్కల నోట్సు కోసం దాని బ్యాగు వెతుకుతుంటే ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అంతా దాని చేతిరాతే. కత్తులు, కోటలు, మంచుకొండలు. ఒక పిల్ల నక్కదేవత ముందు మోకరించి, తనను యోధురాలిని చెయ్యమని వేడుకుంటోంది. అక్కడే మూసేశాను. పాపని ఒక్క మాటా అడగలేదు.

ఆ శుక్రవారం ఊళ్లోనే రూవి పేటలో మా తెలుగు చర్చివాళ్ల స్త్రీల కూడిక. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి, "మా పాప విగ్రహాల వైపు వెళ్లిపోతోందండీ. నక్కకి మొక్కుతున్నట్టు రాస్తోంది, ప్రార్థన చెయ్యండి" అని ఏడ్చేశాను. పాప వెనక వరసలోనే ఉంది. దాన్ని ముందుకు పిలిచి, అందరూ తలమీద చేతులుంచి ప్రార్థించారు.

"అది నవల మమ్మీ" అంది ఇంటికొచ్చాక. అంతే. పుస్తకం అల్మారా పైన పడేసింది. ఆ తర్వాత బుద్ధిగా చదువుకుంది, అడిగినదానికి జవాబు చెప్పింది, ప్రార్థనకూ వచ్చింది. నేను కోరుకున్న పిల్లే ఇంట్లో తిరుగుతుంటే నాకు ముద్ద దిగలేదు.

నెల తర్వాత కూడికలో మళ్లీ లేచాను. "అప్పుడు నేను తప్పు చెప్పానండీ. మా పాప కథ రాసుకుంటోంది. రెండు పేజీలు చూసి నేనే భయపడ్డాను. దాని కథ పూర్తవ్వాలని ప్రార్థన చెయ్యండి." కొందరు మొహమొహాలు చూసుకున్నారు. ఒకావిడ మాత్రం ఆమెన్ అంది. పాప వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంకో రెండు రోజులు గడిచాయి. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే పాప ఆ పుస్తకంతో ఎదురుగా వచ్చి నిలబడింది.

"పొట్టలో బాణం దిగితే బతుకుతారా మమ్మీ?"

"ఎవరికి దిగిందే?"

"ఆ పిల్ల వాళ్లమ్మకి."

"ఆ రోజుల్లో యాంటీబయాటిక్స్ ఎక్కడివి? పొట్టంటే కష్టం."

"చచ్చిపోకూడదు."

"అయితే భుజానికి మార్చు. కట్టు ఎలా కట్టాలో నేను చెప్తా" అని పక్కన చోటిచ్చాను.