ఇరవై ట్యాబ్‌ల కాపలా

మా కొంట ఊరి బడికి ఇరవై ట్యాబ్‌లు వచ్చినప్పుడు, వాటిని భద్రంగా చూసే పని హెడ్‌మాస్టరు అటెండరునైన నాకు అప్పగించారు. పదో తరగతి తప్పినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

ఇనుప పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి, నంబరు చూసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇచ్చేవాణ్ణి. తిరిగి తీసుకునేటప్పుడు అద్దం మీద గీతలు కూడా లెక్కపెట్టేవాణ్ణి. నెల రోజుల్లో ఒక్కటీ పోలేదు, పగల్లేదు. అదంతా నా గొప్పే అనుకుంటూ తిరిగాను.

ఒకరోజు ఐదో తరగతి పిల్ల ఒకతె సంతకం పెట్టకుండా నిలబడింది.

"ఏంది, పెట్టవా?" అన్నాను.

"నెల నుంచి ఒక్కటే భిన్నాల పాఠం, రోజూ మళ్ళ మొదటి నుంచే చూస్తున్నం సార్. అండ్ల రొట్టెను నాలుగు ముక్కలు చేస్తరు, అప్పుడే మీరొచ్చి ట్యాబ్ గుంజుకుంటరు. ఆ ముక్కలు ఏమైతయో ఇంకా తెల్వదు."

పిల్లలందరూ నవ్వారు. ఆ రోజు గడియారం దగ్గర పెట్టుకుని చూశాను. నలభై నిమిషాల పీరియడ్‌లో నేను ఇవ్వడానికి పదహారు, తీసుకోవడానికి పద్దెనిమిది. వాళ్ళకు మిగిలినవి ఆరు. ఇంత సులువైన తీసివేత నెల రోజులూ నాకు తట్టలేదు.

ఆ వారంలోనే ఇరవై గూళ్ళ చెక్క స్టాండు చేయించి, గూటికీ ట్యాబ్‌కీ ఒకే నంబరు అంటించాను. ఇప్పుడు ఎవరిది వాళ్ళే తీసుకుంటారు, వాళ్ళే పెడతారు. ఏది రాలేదో ఖాళీ గూడే చెబుతుంది.

అయినా మొదటిరోజు గుమ్మంలో నిలబడి పెదవులు కదిలిస్తూ లెక్కపెడుతున్నాను. ఆ పిల్ల తెర మీంచి తల ఎత్తకుండానే అంది:

"ఇరవై ఉన్నయి సార్, నేను లెక్కపెట్టిన. పోండ్రి, ఈసారన్న మమ్మల్ని రొట్టె తిననియ్యుండ్రి."