ఆయుధపూజనాడు ఆగని ప్రింటరు

ఆ రోజుల్లో కంప్యూటరంటే అందరికీ భక్తి, నాకు మాత్రం భయం. తమిళనాట పీలమేడు పక్కనున్న మా నూలుమిల్లులో దాన్ని ముట్టుకోవడానికి జీతం ఇచ్చేది నాకొక్కడికే, అదీ ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్న షరతు మీద. స్పిన్నింగులో పాతికేళ్లు తెగిన నూలు అతికిన మా నాయన, ముదలాళి (మిల్లు యజమాని) తల్లిని బతిమాలి ఇప్పించిన ఉద్యోగం. తప్పు జరిగితే నా కొలువుతో పాటు ఆయన పరువూ పోతుంది.

అలాంటివాణ్ని ఊరుకోవచ్చు కదా. ఒక పత్రికలో పోటీ పెట్టారు: ‘బ్యాక్‌గ్రౌండ్’ అనే ఇంగ్లీషు మాటలోని పది అక్షరాలతో వీలైనన్ని మాటలు కట్టి పంపాలి, బహుమతి చేతిగడియారం. నేను తెలివైనవాణ్ని (అని అప్పట్లో నా అభిప్రాయం) కాబట్టి, అక్షరాలను ఎన్ని విధాలుగా మార్చి పేర్చవచ్చో అన్నీ అచ్చువేసే ప్రోగ్రాం రాశాను. మూడక్షరాల మాట ఇస్తే ఆరు వరసలు వచ్చాయి. పదికి మహా అయితే వంద వస్తాయనుకుని, ఆయుధపూజనాడు పొద్దున్నే గది తుడిచే నెపంతో వెళ్లి మీట నొక్కాను.

గంట గడిచినా మొదటి అక్షరం ‘బి’ దగ్గరే ఉంది. కాగితం మాత్రం కుప్పలుగా దిగుతోంది. అప్పుడు కూర్చుని గుణిస్తే లెక్క ముప్పై ఆరు లక్షలు దాటింది. మధ్యలో ఆపితే డిస్కు పాడవుతుందని మేనేజరు సారు మొదటి రోజే బెదిరించి ఉన్నారు.

పూజవేళకు మా మిల్లులో ప్రతి యంత్రమూ ఆగి తీరాలి. చందనం, కుంకుమ పెట్టేటప్పుడు ఏదైనా కదిలితే ఏడాదంతా అరిష్టమని ముదలాళి తల్లి నమ్మకం. కదుళ్లన్నీ ఆగాయి. అంత నిశ్శబ్దంలో నా ప్రింటరొక్కటే కరకరమంటోంది. పళ్లెంతో ఆవిడ, వెనక మేనేజరు సారు, ఆ వెనక చేతులు కట్టుకుని మా నాయన గుమ్మంలోకి వచ్చారు.

“ఏమప్పా, దీన్ని నిలపలేదా?” అందావిడ.

“నిలపకూడదు పెద్దమ్మా. అమ్మవారి పేరు రాస్తా ఉండాది, లక్ష తూర్లు,” అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. దైవం పేరిట అబద్ధమాడిన పాపం కంటే నాయన ముఖమే ఎక్కువ భయపెట్టింది.

ఆవిడకు తమిళం తప్ప చదవడం రాదు. ప్రింటరుకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టింది. “అట్లయితే ఎవురూ తాకొద్దు. ముగిసేదాకా రాయనీండి.”

మేనేజరు సారు ఒక కాగితం అందుకుని చదివారు. నా వంక చూశారు. జోడించిన ఆవిడ చేతుల వంక చూశారు. కాగితం కళ్లకద్దుకుని కింద పెట్టారు.

కాగితం అయిపోయాకే ప్రింటరు ఆగింది. మర్నాడు ఆయన తలుపు మూసి, “మీ అమ్మవారు ఆరు నెలల కాగితం తినేసింది. ఇంకో తూరి తినిందంటే నువ్వూ ఉండవు, నేనూ ఉండను,” అని మాత్రం అన్నారు.

ఇంగ్లీషు చదవడం రాని మా నాయన ఆ కాగితాల్లో ఒకటి తెచ్చి పటం కట్టించాడు. “మా పిల్లోడు మిషన్‌తో రాయించినాడు” అని వచ్చినవాళ్లందరికీ చూపేవాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయాడు. ఇప్పుడు రోజూ స్నానం చేసి ఆ పిచ్చి అక్షరాలకు దణ్ణం పెట్టేది నేనే. అందులో ఏముందని మా ఆవిడ అడిగితే, అమ్మవారి పేరే అంటాను, ఇంత వయసొచ్చి కూడా.